గాంధీ రోడ్డు వెనక పార్కింగ్ తీసేసి ఇళ్ళు కడతామంటే సంతకం పెట్టాలా, వద్దా?

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర మీకు బట్టల కొట్టుంది. వెనక కార్పొరేషన్ వాళ్ళ పే పార్కింగ్, సుమారు 50 సెంట్లు. దాన్ని ఎత్తేసి తక్కువ జీతాల వాళ్ళకి అద్దె ఇళ్ళు కడతారని మాట పుట్టింది. వ్యాపారుల సంఘం వద్దని సంతకాలు తీసుకుంటోంది, మీ తమ్ముడేమో ఇళ్ళు కట్టాల్సిందే అని ఇంట్లో గొడవ పెట్టుకుంటున్నాడు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను, ఓపికుంటే తర్వాతది చదవండి. సంఘం రాసిన కాగితం మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టొద్దు. అలాగని మీ తమ్ముడిలా కళ్ళు మూసుకుని సరే అనొద్దు. "ఇవాళ అక్కడ బండి పెడుతున్నది ఎవరు? రేపు అక్కడ కాపురం ఉండేది ఎవరు?" ఈ రెండింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా ఎటూ మొగ్గొద్దు. జవాబు సరిగ్గా వస్తే మాత్రం నేను ఇళ్ళ వైపే ఉంటాను. ఎందుకో చెబుతాను.

తిరుపతిలో బిల్డింగ్ ప్లాన్లు గీసి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చుట్టూ కార్పొరేషన్ చుట్టూ తిరిగి అప్రూవల్ తెప్పించే పనిలోనే నా జుట్టు తెల్లబడింది. లాడ్జీలకి గీశాను, కల్యాణ మండపాలకి గీశాను, ముప్పై అంకణాల జాగాలో నాలుగంతస్తులు లేపాలన్నవాళ్ళకీ గీశాను. కాబట్టి ప్లాన్‌లో ఏం చూపిస్తారో, కట్టాక అది ఏమవుతుందో రెండూ తెలుసు.

బండ్ల సంగతి చూద్దాం. మీ సంఘం వాళ్ళ వాదన ఒకటే, "పార్కింగ్ పోతే కస్టమరు రాడు" అని. సరే, ఆ పార్కింగ్‌లో ఉన్నది మీ కస్టమరేనా? ఒకరోజు తెల్లవారుజామున, కొట్లు తీయకముందు, ఊరికే ఒక చుట్టు తిరిగి రండి. ముందు వరసంతా టీఎన్, కేఏ నంబర్లు. బానెట్ల మీద మంచు తడి ఆరలేదు, వెనక సీట్లో దిండ్లు, దుప్పట్లు, అద్దానికి ఆరేసిన తువ్వాలు. వాళ్ళు రాత్రి వచ్చి బండి పెట్టి, గది తీసుకుని, పొద్దున బస్సెక్కి కొండకి పోయిన యాత్రికులు, మళ్ళీ దర్శనం అయ్యాక గానీ రారు. ఇక గోడవారన చూడండి, కవరు కప్పిన కార్లు, టైర్ల చుట్టూ ఎండిన వేపాకులు, వైపరు కింద ఎప్పటిదో కోచింగ్ సెంటర్ కరపత్రం వానకు తడిసి అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. ఆ కారు చీర కొనడానికి రాలేదు, దర్శనానికీ రాలేదు. సొంతదారుకి ఇంటి దగ్గర చోటు లేక నెలవారీ మాట్లాడుకుని ఇక్కడ పెట్టాడు, అంతే.

మళ్ళీ పదకొండు గంటలకి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి ఒకసారి వెళ్ళి నంబర్లు రాసుకోండి. ఒక మామూలు మంగళవారం, ఒక శనివారం, రెండూ చూడాలి, మన ఊళ్ళో శనివారం జనం లెక్కే వేరు కాబట్టి. మూడు పూటలా కనిపించిన నంబర్ల పక్కన టిక్కు పెట్టండి. ఆ టిక్కులు ఎన్నుంటే అన్ని చోట్లు మీ వ్యాపారానికి పనికిరానివన్నమాట. సంతకాల ఉద్యమం మొదలుపెట్టే ముందు ఈ పని సంఘం చేసి ఉండాల్సింది. కార్పొరేషన్ కూడా చేసి ఉండాల్సింది. ఎవరూ చేసి ఉండరని నా అనుమానం, ఎందుకంటే లెక్క తేలితే గట్టిగా అరవడానికి ఎవరికీ వీలుండదు.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. టిక్కులు పెట్టేటప్పుడు మీ వీధి ఓనర్ల బండ్లు కూడా లెక్కలోకి తీసుకోండి. పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి కారు పెట్టి రాత్రి షట్టరు దించాక తీసేది ఎవరు? కొట్టు ముందర, కస్టమరు స్కూటీ ఆపుకోవాల్సిన చోట పొద్దుటినుంచీ ఆగి ఉండేది ఎవరి యాక్టివా? కస్టమరు బండి గంట ఉంటుంది, మహా అయితే గంటన్నర. ఆ లెక్కన ఒక్క చోటు పగలంతా ఎనిమిది మంది కస్టమర్లకి పనికొస్తుంది. ఓనరు కారు పెడితే ఒక్కడికే. "బండి యాడ పెట్టేది సామీ?" అని కస్టమరు అడిగితే కార్పొరేషన్‌ని తిట్టే ముందు ఇది కూడా చూసుకోవాలి.

ఇప్పుడు లాడ్జీలు. మన ఊళ్ళో పార్కింగ్ లేదనే గోలకి సగం కారణం ఇక్కడుంది, కానీ దీన్ని గురించి సంఘం కాగితంలో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే సంఘంలో లాడ్జీల వాళ్ళు కూడా ఉంటారు. లాడ్జీకి ప్లాన్ పెట్టేటప్పుడు కట్టే విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కి వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. మేము సెల్లార్‌లో గీతలు గీసి, కార్ల బొమ్మలు వేసి, ర్యాంపు వాలు చూపించి అప్రూవల్ తెస్తాం. కట్టడం పూర్తవుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ర్యాంపు దగ్గర గ్రిల్లు వస్తుంది. తర్వాత ఒక మూల జనరేటరు, ఇంకో మూల పరుపుల గోడౌన్, ఆ తర్వాత పార్టిషన్లు వేసి మంచాలు, బయట 'డార్మిటరీ' అని బోర్డు. బస్టాండు దగ్గర ఒక లాడ్జీకి నేనే గీశాను, ఇప్పుడు దాని సెల్లార్‌లో టిఫిను హోటలు నడుస్తోంది, ఇడ్లీ బాగుంటుంది కూడా. ఆ లాడ్జీలో దిగినవాళ్ళ కార్లు ఎక్కడికి పోతాయి? రిసెప్షన్‌లో కుర్రాడు చెయ్యి చూపిస్తాడు, "వెనకాల పే పార్కింగ్ ఉంది సార్" అని. అంటే లాడ్జీ వాడు తన స్థలంలో పెట్టాల్సిన బండి ఊరి సొమ్ములోకి వచ్చింది. గదుల అద్దె అతనికి, పార్కింగ్ భారం మనకి.

అందుకే చెబుతున్నాను, ఆ 50 సెంట్లు పోతే ఊరు మునిగిపోతుందనే వాళ్ళని ఒక్కటి అడగండి. చుట్టుపక్కల లాడ్జీల అప్రూవ్డ్ ప్లాన్ల ప్రకారం సెల్లార్లలో, స్టిల్టుల్లో (భవనాన్ని స్తంభాల మీద లేపి కింద ఖాళీగా వదిలే చోట) ఎన్ని కార్లకి చోటు చూపించారు, ఇవాళ ఎన్ని పడుతున్నాయి? తేడా ఎంతో తేలిన రోజు, ఆ పే పార్కింగ్ గురించి జరిగే గొడవ చాలా చిన్నదైపోతుంది.

ఇక స్థలం లెక్క. మన వైపు స్థలాన్ని అంకణాల్లోనే మాట్లాడుకుంటాం కాబట్టి అలాగే చెబుతాను, మన అంకణం 36 చదరపు అడుగులు. కారు ఆగే గడి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. కానీ లోపలికి రావడానికి, వెనక్కి తిప్పుకోవడానికి దారి కావాలి. ఆ దారిని కూడా కలిపి మన దేశంలో ప్లానింగ్ వాళ్ళు వాడే అంకె ఏమిటంటే ఆరుబయట కారుకి 23 చదరపు మీటర్లు, స్టిల్టు కింద 28, సెల్లార్‌లో 32. ఇరవై మూడు చదరపు మీటర్లంటే దాదాపు ఏడంకణాలు. ఇరవై ఎనిమిదంటే 301 చదరపు అడుగులు. ఇప్పుడు పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి, 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు కట్టారు కదా. అంటే స్టిల్టు కింద ఒక కారుకి మనం లెక్కగట్టే చోటూ, ఒక కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన చిన్న రకం ఇల్లూ ఒకటే సైజు. నేను ఇన్నేళ్ళు ఈ రెండు అంకెలూ వేరు వేరు ఫైళ్ళలో రాస్తూ వచ్చాను, పక్కపక్కన పెట్టి చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మీ 50 సెంట్లంటే సుమారు 600 అంకణాలు, రెండు వేల చదరపు మీటర్లు. గేటు, టికెట్టు గుమటం, చెట్లు పోను ఎనభై కార్లు పడతాయి. అదే చోట సెట్‌బ్యాకులూ (భవనం చుట్టూ వదలాల్సిన జాగా), ఖాళీ జాగాలూ వదిలేసి సగం మీద స్టిల్టు, పైన నాలుగంతస్తులు వేశారనుకోండి. 430 అడుగుల ఇళ్ళు, మెట్లూ వరండాలూ కలుపుకున్నా, అరవై నుంచి డెబ్బై దాకా వస్తాయి. ఎత్తు 18 మీటర్లు దాటదు కాబట్టి హైరైజ్ రూల్స్ జోలికి పోనక్కర్లేదు, ఫైర్ వాళ్ళతో పెద్ద తలనొప్పి కూడా ఉండదు. స్టిల్టులో ముప్పై కార్లు గానీ, రెండొందలకు పైగా బైకులు గానీ పెట్టుకోవచ్చు. ఇది చేతి లెక్కే, అసలు డ్రాయింగులో ఐదో పదో అటూ ఇటూ అవుతుంది. కానీ 'పార్కింగా, ఇళ్ళా' అని మీ వీధిలో కొట్టుకుంటున్నంత తేడా అక్కడ లేదని చూపించడానికి ఇది చాలు. ముప్పై చోట్లని గంటల లెక్కన నడిపితే, ఇప్పుడు రాత్రీ పగలూ కదలని ఎనభై చోట్ల కన్నా మీ కొట్టుకి ఎక్కువ మందిని తెస్తాయి.

ఇళ్ళు సరే, ఇళ్ళల్లో ఎవరు? తిరుపతిలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే, మీ తమ్ముడికి నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. వేరే ఊళ్ళో ఊరి మధ్యలో ఫ్లాట్లు కడితే అందులో జనం కాపురం ఉంటారు. ఇక్కడ రైల్వే స్టేషన్‌కీ బస్టాండుకీ నడిచిపోయే దూరంలో నాలుగు గోడలు లేపితే చాలు, అది గదిగా మారిపోవడానికి తహతహలాడుతుంది. నెలంతా ఒక కుటుంబం కట్టే అద్దె, యాత్రికులకి రోజు లెక్కన ఇస్తే వారాంతాల్లోనే వచ్చేస్తుంది. బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో, భవానీ నగర్లో ఇళ్ళుగా ప్లాన్ తీసుకుని గదులుగా నడుస్తున్నవి మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి 'పేదలకి ఇళ్ళు' అని బోర్డు పెట్టినంత మాత్రాన నమ్మేది లేదు. ఇళ్ళు అమ్మేస్తే మొదటి హక్కుదారు నిజంగానే పేదవాడు కావచ్చు, మూడో ఏడాదికి అక్కడ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే రూములుంటాయి. పార్కింగూ పోయి, ఇళ్ళూ రాక, ఇంకా డెబ్బై గదులొచ్చి, వాటిలో దిగినవాళ్ళ కార్లు మళ్ళీ మీ వీధిలోకే వస్తాయి.

అందుకని షరతు గట్టిగా ఉండాలి. స్థలం కార్పొరేషన్ పేరునే ఉండాలి, అమ్మకం అనే మాటే ఉండకూడదు. అద్దెకే ఇవ్వాలి, ఊళ్ళో పనిచేస్తున్నట్టు రుజువు చూపినవాళ్ళకే ఇవ్వాలి, రోజు అద్దెకి తిప్పితే అలాట్‌మెంట్ రద్దని ఒప్పందంలోనే రాయాలి, ఏటా తనిఖీ ఉండాలి. ఇదేమీ నేను గాల్లోంచి తెచ్చింది కాదు, 2024లో మొదలైన పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) పట్టణ రెండో విడతలో అద్దె ఇళ్ళకి విడిగా ఒక విభాగమే పెట్టారు. అంటే అమ్మకుండా అద్దెకిచ్చే దారి స్కీములోనే ఉంది, దాన్ని పట్టుకుంటారా లేదా అన్నదే ప్రశ్న.

ఎవరికోసం అంటారా? మీ కొట్టులోనే చూడండి. చీరలు మడతపెట్టే అమ్మాయి ఎక్కడి నుంచి వస్తోంది? రేణిగుంట, చంద్రగిరి, కరకంబాడి, రామచంద్రాపురం, అటు వడమాలపేట. లాడ్జీల్లో దుప్పట్లు మార్చేవాళ్ళు, గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టేవాళ్ళు, తెల్లారి మూడింటికి హోటల్లో పిండి రుబ్బడం మొదలుపెట్టేవాళ్ళు, వీళ్ళందరితోనే ఊరు నడుస్తుంది, కానీ ఊళ్ళో వీళ్ళకి చోటు లేదు. టిడ్కో ఇళ్ళు కట్టారు, మంచిదే, కానీ స్థలం దొరికిన చోట కట్టారు, అంటే ఊరవతల. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించాక ఆ అమ్మాయి షేర్ ఆటో కోసం లీలామహల్ సర్కిల్లో నిలబడాలి, ఆటోవాడు నిండేదాకా కదలడు. అలాంటివాళ్ళు నడిచొచ్చే దూరంలో ఉంటే మీకే లాభం. సెలవు పెట్టడం తగ్గుతుంది, రాత్రి ఇంకో అరగంట కొట్టు తీసిపెట్టుకోవచ్చు. పైగా ఊళ్ళోకి రోజూ వచ్చే టూవీలర్లలో కొన్ని అసలు బయల్దేరవు. పార్కింగ్ సమస్యకి ఇది కూడా ఒక మందే, అలా ఎవరూ చూడరు గానీ.

మీ కాలనీ గ్రూపులో ఎవరో అమెరికా వీడియో పెట్టారన్నారు, అక్కడ పార్కింగ్ స్థలాలు తీసేసి ఇళ్ళు కడుతున్నారని. నిజమే. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి, పెద్ద రైలు, బస్సు స్టాపులకి అర మైలు లోపల కట్టే భవనాలకి ఇన్ని పార్కింగ్ చోట్లు ఉండి తీరాలని ఊళ్ళు పట్టుబట్టకూడదని చట్టం వచ్చింది. అదే రాష్ట్రంలో శాంటా క్రూజ్ అనే ఊళ్ళో డౌన్‌టౌన్ పార్కింగ్ స్థలంలో లైబ్రరీ, తక్కువ ఆదాయం వాళ్ళకి ఇళ్ళు కలిపి కట్టే ప్రాజెక్టుని ఆపాలని 2022 నవంబర్లో ఓటింగే పెట్టారు, ఆపాలన్నవాళ్ళు ఓడిపోయారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి, కానీ వాళ్ళ లెక్క మనకి అచ్చంగా అతకదు. అక్కడ ఊరి మధ్యలో బండి పెట్టేది ఎక్కువగా ఆ ఊరివాళ్ళూ ఆ చుట్టుపక్కలవాళ్ళూ. ఇక్కడ ఊరివాడు టూవీలరు మీద తిరుగుతాడు, కారు బయటి ఊరిది. అక్కడ కారు చోటు తగ్గిస్తే ఊరివాడి అలవాటు మారాలి. ఇక్కడ యాత్రికుడి కారు ఊరి నడుమకి రాకుండా ఆపితే చాలు, ఊరివాడికి పెద్దగా పోయేదేమీ లేదు. ఈ విషయంలో మన పనే సులువు.

అమెరికా నుంచి తెచ్చుకోదగ్గది ఒకటుంది, ధర. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2011లో ఎస్ఎఫ్ పార్క్ అని మొదలుపెట్టారు, చోట్లు నిండిపోయే బ్లాకుల్లో రేటు కొంచెం పెంచడం, ఖాళీగా ఉండే బ్లాకుల్లో తగ్గించడం. ఎప్పుడు వెళ్ళినా ఒకటో రెండో చోట్లు ఖాళీగా దొరకాలన్నది దాని ఉద్దేశం. మనం చేసేది తలకిందులు. ఎక్కువ పాడుకున్న కాంట్రాక్టరుకి ఇచ్చేస్తాం, వాడికి గంటకో బండి మారడం కన్నా ఇరవై నాలుగ్గంటలకి ఒకటే టికెట్టు చింపడం హాయి. పగలు మొదటి గంట చవక, రెండో గంట కొంచెం ఎక్కువ, నాలుగో గంట నుంచి బాదుడు అని పెట్టండి, కవరు కప్పిన కార్లు వారంలో మాయమవుతాయి.

"ఇళ్ళూ కడతాం, కింద రెండు సెల్లార్లు తవ్వి పార్కింగూ ఇస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం జాగ్రత్త. వినడానికి అందరికీ నచ్చే మాట ఇదే, అందుకే ముందు ఇదే చెబుతారు. సెల్లార్‌లో కారుకి 32 చదరపు మీటర్లు కావాలని పైన రాశాను, చోటు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చంతా పైన ఇళ్ళ అద్దె మీదే పడుతుంది. అంతకన్నా ముఖ్యం, నీళ్ళు. 2021 నవంబర్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? కొండ మీద నుంచి దిగిన నీళ్ళు వీధుల్లో నడుముల్లోతు పారాయి, సెల్లార్లు బావులయ్యాయి. ఊరి నడుమ సెల్లారంటే రాత్రీ పగలూ మోటారు, దానికో జనరేటరు, దాన్ని చూసే మనిషి. ప్రైవేటు షాపింగ్ మాల్ అయితే భరిస్తుంది. అద్దె ఇళ్ళ సముదాయంలో రెండో ఏడాదికే మోటారు మూలన పడుతుంది. వద్దని గట్టిగా చెప్పండి.

మల్టీలెవెల్ పార్కింగ్ మీద కూడా నాకు పెద్ద భ్రమల్లేవు. బెంగళూరులో ఫ్రీడం పార్కు దగ్గర అలాంటిది కట్టి, నడిపేవాళ్ళు దొరక్క చాలాకాలం ఖాళీగా పెట్టుకున్నారు, 2024లో గానీ తెరవలేదు. చుట్టూ వీధుల్లో ఊరికే బండి పెట్టుకోవడం కుదిరినంత కాలం డబ్బిచ్చి మూడో అంతస్తుకి ఎవడెక్కుతాడు? చెన్నైలో పాండీ బజార్ది మాత్రం వేరే కథ. 2019లో రోడ్డు మీది పార్కింగ్ తగ్గించి కాలిబాటలు వెడల్పు చేశారు, ఆ దగ్గర్లోనే మల్టీలెవెల్ పార్కింగ్ కూడా కట్టారు. పెళ్ళి బట్టలకని మన ఊరి వాళ్ళు టీ నగర్ పోతూనే ఉన్నారు కదా, మీ కస్టమర్లు కొందరిని పట్టుకుపోతున్నది ఆ బజారే. బండి కొట్టు గుమ్మంలో ఆగకపోతే బేరం పోతుందనేవాళ్ళు అక్కడ కాసేపు నిలబడి చూడాలి.

మరి యాత్రికుల కార్లు ఎక్కడ పెట్టాలి? ఊరి అంచుల్లో. ఇది కొత్త ఆలోచన కాదు, బ్రహ్మోత్సవాల్లో చేస్తూనే ఉన్నాం. గరుడ సేవ సమయానికి టూవీలర్లని ఘాట్ రోడ్డు ఎక్కనివ్వరు, కింద మైదానాల్లో తాత్కాలిక పార్కింగులు పెడతారు, అక్కడి నుంచి బస్సులు నడుపుతారు. మిగతా రోజుల్లో దాన్నే చిన్నగా చేయొచ్చు. శ్రీనివాస సేతు కట్టిందే కొండకి పోయే బండి ఊళ్ళోకి దిగకుండా నేరుగా అలిపిరి వైపు పోవడానికి, 2023లో పూర్తిగా తెరిచారు. ఏడు కిలోమీటర్ల వంతెన వేసుకుని, మళ్ళీ అదే బండిని గోవిందరాజస్వామి గుడి వెనక్కి పిలిచి చోటిస్తామనడంలో అర్థం లేదు. గుడి చుట్టూ వీధులు రథం తిరగడానికి వేసినవి. రామానుజుల వారు 1130 ప్రాంతంలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారంటారు, అప్పట్నుంచీ ఊరు ఆ గుడి చుట్టూనే పెరిగింది. ఆ వీధులు ఇంక వెడల్పు కావు, కార్లు మాత్రం ఏటా వెడల్పవుతున్నాయి.

సంఘం వాదనలో నాకు న్యాయంగా కనిపించింది ఒకటుంది, అది వాళ్ళు సరిగ్గా చెప్పలేకపోతున్నారు. ఆ ఖాళీ జాగా పార్కింగ్ కన్నా ఎక్కువ పనులు చేస్తోంది. సూరత్ నుంచి మీ మూటలు దిగేది అక్కడే. రాత్రిళ్ళు టిఫిను బండ్లు నిలబడేది అక్కడే. వినాయక చవితి పందిరి అక్కడే. గంగమ్మ జాతరప్పుడు వేషాలు వేసుకున్నవాళ్ళూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకునేదీ అలాంటి జాగాల్లోనే. అగ్గి అంటుకుంటే ఫైరింజను వచ్చి నిలబడటానికి ఆ చుట్టుపక్కల వేరే చోటు ఏది? వీటిని కాపాడాలి. కాబట్టి రోడ్డు వైపు ఒక వంతు ఖాళీగా వదలాలి, పొద్దున పదిలోపు సరుకు దింపుకోవడానికి, సాయంత్రం టిఫిను బండ్లకి, పండగలకి. అందుకోసం పది ఇళ్ళు తగ్గితే తగ్గనివ్వండి. పార్కింగ్ పోతోందని అరిస్తే వినే ఆఫీసరు పది మందిలో ఒకడుంటే, ఫైరింజనుకి దారి లేదంటే పది మందీ వింటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలవండి, అసలు ప్రతిపాదన కాగితం మీద ఉందా, ఉత్త మాటేనా కనుక్కోండి. మన ఊళ్ళో ఉత్త మాట మీద జరిగే ధర్నాలే ఎక్కువ. కాగితం ఉంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి ఇవీ: పార్కింగ్ టెండరు గడువు, షరతులు, అక్కడ ఏమైనా సర్వే చేశారా, చేస్తే దాని కాపీ, స్థలం ఎవరి పేరున ఉంటుంది, ఇళ్ళు అమ్మకమా, అద్దెనా, మీ చుట్టూ ఉన్న లాడ్జీల అప్రూవ్డ్ ప్లాన్లలో చూపిన పార్కింగ్ విస్తీర్ణం. చివరిదానికి జవాబివ్వడానికి కొంచెం నసుగుతారు, "మూడో వ్యక్తి సమాచారం" అంటారు. ప్లాన్ మొత్తం వద్దు, పార్కింగ్ అంకె మాత్రం ఇవ్వండి అని రాయండి, ఇవ్వకపోతే మొదటి అప్పీలుకి వెళ్ళండి.

ఇక సంఘం కాగితం. దాన్ని చింపేయమనను, మార్చమంటాను. "పార్కింగ్ తీయొద్దు" అన్న వాక్యం కొట్టేసి, లాడ్జీల సెల్లార్లు తెరిపించాక, ఊరి అంచున యాత్రికుల పార్కింగ్ నడిచి చూపించాక, అమ్మకం లేకుండా అద్దె ఇళ్ళే కడతామని రాసిచ్చాక, ముందు వైపు జాగా వదిలితే మాకు అభ్యంతరం లేదని రాయించండి. లాడ్జీల వాళ్ళు ఒప్పుకోరు, అది మీరు ఊహించే ఉంటారు. ఒప్పుకోకపోతే మీరూ, మీలాంటి చిన్న కొట్ల వాళ్ళూ పది మంది విడిగా రాసి, సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. మీ తమ్ముడి చేత కూడా సంతకం పెట్టించండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరూ, తేదీ, ముద్రా వేయించుకోకుండా ఆ ఆఫీసు మెట్లు దిగొద్దు.